ఈగర్, యాంగ్షస్ ఒకటేనా? ఉద్యోగానికి మెయిల్ రాసే ముందు ఇది తెలుసుకోండి!

ఉద్యోగానికి మెయిల్ రాస్తున్నారు. 'మీ టీమ్‌లో చేరాలని ఆత్రుతగా ఉన్నాను' అని చెప్పాలి. ఆత్రుతకు ఇంగ్లిష్‌లో ఏం రాయాలి? ఈగర్ అనా, యాంగ్షస్ అనా? చాలామంది తడబడేది ఇక్కడే.

తేడా ఏంటి?

ఏదైనా చేయాలని, తెలుసుకోవాలని మనసు ఉవ్విళ్లూరితే అది ఈగర్. ఇందులో ఉత్సాహమే తప్ప భయం ఉండదు. యాంగ్షస్‌లో మాత్రం కంగారు కలిసి ఉంటుంది. పండక్కి ఊరెళ్లే బస్సు కోసం పిల్లలు చూసే ఎదురుచూపు ఈగర్. అదే బస్సు అర్ధరాత్రి దాటినా ఊరు చేరకపోతే, ఇంటి దగ్గర తల్లి పడే ఆరాటం యాంగ్షస్.

తెలుగులో ఈ రెండింటికీ ఆత్రుత అనే అంటాం. పైగా ఆతురుడు అంటే రోగి అనే అర్థం కూడా ఉంది. అంటే మన మాటలోనే కాస్త బాధ దాగి ఉంది. అందుకే ఈ తికమక.

'యాంగ్షస్ టు జాయిన్' అన్నా తప్పేం కాదు, ఇంగ్లిష్ వాళ్లూ అలా వాడతారు. కానీ కంగారు పడుతున్నారేమో అనిపించే అవకాశం ఉంది. ఉద్యోగం అడిగే చోట ఈగర్ రాయడమే మేలు.

పులుపు నుంచి పుట్టిన మాట

ఈగర్‌కు మూలం ఫ్రెంచ్ మాట ఎగ్ర్. అంటే పుల్లనిది, ఘాటైనది. వెనిగర్ అనే మాటలోనూ ఉన్నది ఇదే. వెనిగర్ అంటే పులిసిన వైన్ అన్నమాట!

ఎలా వాడాలి?

ఈగర్ తర్వాత పని చెప్పాలంటే 'టు' రావాలి: ఐ యామ్ ఈగర్ టు లెర్న్. 'ఈగర్ టు లెర్నింగ్' అనకూడదు. వస్తువో, విషయమో అయితే 'ఫర్': షి ఈజ్ ఈగర్ ఫర్ న్యూస్. 'ఐ యామ్ ఈగర్లీ టు జాయిన్' అన్నదీ తప్పే. అక్కడ ఈగర్ చాలు.

మెయిల్ చివర్లో చాలామంది 'ఈగర్లీ అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై' అని రాస్తారు. అవెయిట్ పక్కన ఫర్ అక్కర్లేదు. 'ఈగర్లీ అవెయిటింగ్ యువర్ రిప్లై' లేదా 'ఈగర్లీ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై' అంటే సరిపోతుంది.

గుర్తుండాలంటే ఓ చిట్కా: ఎగిరి గంతేయాలనిపిస్తే ఈగర్, గుండె దడదడలాడితే యాంగ్షస్!