పండ్ల తోట: ఎకరంలో ఏడు రకాల చెట్లు.. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి ఆదుకుంటుంది! చిన్న రైతులు ముందుగా తెలుసుకోవాల్సినవి ఇవే..

పత్తి లేదంటే మిర్చి, అదీ కాదంటే మొక్కజొన్న. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎకరం, రెండెకరాల రైతు ఏటా ఆడే జూదం ఇదే. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసింది. 2023 మార్చిలో వడగండ్లు మొక్కజొన్న, మామిడిని నేలరాల్చాయి. అప్పటి సీఎం కేసీఆర్ మార్చి 23న మహబూబాబాద్‌తో పాటు పలు జిల్లాల్లో తిరిగి, ఎకరాకు రూ.10 వేల సాయం ప్రకటించారు. ఒకే పంట మీద ఆధారపడితే ఒక్క గాలివాన చాలు.. ఏడాది కష్టం పోతుంది. అందుకే ఉన్న కొద్ది భూమిలోనే నాలుగైదు రకాల పండ్ల చెట్లు పెట్టుకునే పద్ధతిపై చర్చ నడుస్తోంది. మరి ఇది నిజంగా గిట్టుబాటు అవుతుందా? ఎక్కడ తేడా కొడుతుంది?

ఏ నెలలో ఏ పండు?

మిశ్రమ తోటలో అసలు కిటుకు క్యాలెండర్‌లోనే ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మామిడి. జూన్, జులైలో అల్లనేరేడు. ఆగస్టు చివరి నుంచి నవంబర్ దాకా సీతాఫలం. చలికాలంలో జామ, ఉసిరి. ఎండాకాలం వచ్చిందంటే నిమ్మకు గిరాకీ. మార్చిలో వడగండ్లు పడి మామిడి పిందె రాలినా, అప్పటికి సీతాఫలం ఇంకా పూతకే రాదు కాబట్టి ఆ పంటకు దెబ్బ తగలదు. చేతికి ఒకేసారి పెద్ద మొత్తం రాకపోవచ్చు కానీ, ఏడాదిలో చాలా నెలలు ఎంతో కొంత వస్తూనే ఉంటుంది.

ఎకరంలో ఎన్ని చెట్లు పడతాయి?

ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. మామిడిని 10 మీటర్ల ఎడంతో పెడితే 40 చెట్లే పడతాయి. అదే కలిపి పెట్టాలంటే లెక్క ఇలా వేసుకోవచ్చు. మామిడి 10, జామ 25, సీతాఫలం 30, నిమ్మ 15, ఉసిరి 3, సపోటా 2, నేరేడు 2.. మొత్తం 87 చెట్లు. జామ, నిమ్మకు 6 మీటర్లు, సీతాఫలానికి 5 మీటర్లు, ఉసిరికి 8 మీటర్లు, మిగతావాటికి 10 మీటర్ల ఎడం ఇచ్చినా బాటకు కొంత జాగా మిగులుతుంది. ఉసిరిలో మాత్రం ఒకే రకం పెట్టొద్దు. పక్కన వేరే రకం లేకపోతే కాయ సరిగా పట్టదు.

ఇవన్నీ కలగాపులగంగా నాటేస్తే కష్టం. పెద్ద చెట్లు ఒకవైపు, పొట్టి చెట్లు ఒకవైపు ఉండాలి. లేదంటే పదేళ్లకు మామిడి నీడలో జామ కాయడం మానేస్తుంది.

నీళ్ల దగ్గరే అసలు చిక్కు

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మామిడికి పూతకు ముందు రెండు నెలల పాటు నీళ్లు ఆపాలి. అప్పుడే పూత బాగా వస్తుంది. సరిగ్గా అదే సమయంలో కాయ మీదున్న జామకు నీళ్లు కావాలి. తోట మొత్తానికి ఒకే డ్రిప్ లైన్ వేస్తే రెండిట్లో ఏదో ఒకటి నష్టపోవాల్సిందే. కాబట్టి నీళ్లు ఎక్కువ అడిగే జామ, నిమ్మ ఒక వాల్వ్ మీద, మామిడి ఇంకో వాల్వ్ మీద, తక్కువ నీటితో బతికే సీతాఫలం, ఉసిరి, నేరేడు మరో వాల్వ్ మీద ఉండాలి.

నేలను బట్టి కూడా ఎంపిక మారుతుంది. బోర్ల మీద బతికే జనగామ ఎర్ర చెలకల్లో సీతాఫలం, ఉసిరి భేష్. భూపాలపల్లి వైపు వాగు ఒడ్డు పొలాలైతే జాగ్రత్త పడాలి. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగిపోయిన సంగతి తెలిసిందే. నీళ్లు నిలిచే చోట నిమ్మ, బొప్పాయి బతకవు. నేరేడు కొంత తట్టుకుంటుంది.

మొదటి మూడేళ్లు ఎలా గడవాలి?

జామ రెండు, మూడేళ్లకు, సీతాఫలం మూడు, నాలుగేళ్లకు, మామిడి నాలుగైదేళ్లకు కాపు మొదలుపెడతాయి. అప్పటిదాకా ఇల్లు గడవాలి కదా! అందుకే చెట్ల మధ్య పెసర, మినుము, వేరుశనగ, కూరగాయలు వేసుకోవాలి. మొక్కజొన్న లాంటి ఎత్తు పంటలు వేస్తే చిన్న మొక్కలకు ఎండ తగలదు.

గుంతలు ఎండాకాలంలోనే తీసి ఎండనివ్వాలి. పైమట్టిలో పశువుల ఎరువు కలిపి నింపి, మంచి వానలు పడ్డాక మొక్క నాటాలి. అంటు కట్టిన చోటు మట్టిలో మునగకూడదు. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయాలి.

కోతులు, ఈగలు, బేరగాళ్లు

కోతుల బెడద గురించి ఈ జిల్లాల్లో కొత్తగా చెప్పేదేముంది! జామ, మామిడి, సపోటాను అవి వదలవు. నిమ్మ జోలికి మాత్రం పెద్దగా రావు. అడవి పక్క పొలాల్లో నిమ్మ చెట్ల సంఖ్య పెంచుకోవడం మేలు. గట్ల మీద వాక్కాయ కంచె వేస్తే పశువులు రావు, కాయ పచ్చడికి పనికొస్తుంది. కోతులను మాత్రం కంచె ఆపలేదు.

రకాలు కలిపితే చీడలు తగ్గుతాయనే మాట పూర్తిగా నిజం కాదు. పండు ఈగ మామిడి అయిపోగానే పక్కనే ఉన్న వానాకాలం జామ మీద పడుతుంది. అందుకే తోటలో లింగాకర్షక బుట్టలు పెట్టాలి, రాలిన కాయలను ఏరి పూడ్చాలి. జామలో వానాకాలం కాపు వదులుకుని, చలికాలం కాపు ఉంచుకుంటే ఈగ పోటు తగ్గుతుంది.

ఇక అమ్మకం. పది మామిడి చెట్ల కాయ కోసం బేరగాడు లారీ తీసుకుని రాడు. మిశ్రమ తోటకు ఇదే పెద్ద లోటు. రైతే అమ్ముకోవాలి. జనగామకు హైదరాబాద్-వరంగల్ హైవే ఉంది. భూపాలపల్లిలో సింగరేణి కుటుంబాలున్నాయి. మహబూబాబాద్‌లో పట్టణ మార్కెట్‌తో పాటు ఊళ్ల అంగళ్లు ఉన్నాయి. అంగట్లో కూర్చునే మనిషి ఇంట్లో లేకపోతే రకాలు తగ్గించుకోవడమే మంచిది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

డ్రిప్‌కు, మొక్కలకు ప్రభుత్వ రాయితీలు ఉన్నాయి. నిబంధనలు, నిధులు మారుతుంటాయి కాబట్టి గుంతలు తీయకముందే ఉద్యాన శాఖ అధికారిని కలవాలి. మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రంలో సలహా తీసుకోవచ్చు. గిరిజన కుటుంబాలకు నాబార్డ్ 'వాడి' పథకం కూడా ఉంది. గుజరాతీలో వాడి అంటే చిన్న తోట. ఎకరం పండ్ల తోటతో కుటుంబాన్ని నిలబెట్టాలన్నదే దాని ఉద్దేశం.

ఉన్న భూమంతా ఒకేసారి తోటగా మార్చాల్సిన పనిలేదు. రెండెకరాలుంటే మొదట అరెకరంతో మొదలుపెట్టి, బోరు నీళ్లు ఏప్రిల్, మే నెలల్లో ఎంతవరకు అందుతున్నాయో చూసుకున్నాకే మిగతా భూమి గురించి ఆలోచించడం మంచిది.