వేసుకున్నట్టా, మరిచినట్టా: గర్భనిరోధక మాత్రల డబ్బీ కథ

గర్భనిరోధక మాత్రలు మొదట్లో మామూలు మందుల్లాగే సీసాలో వచ్చేవి. అమెరికాలో 1960లో అనుమతి పొందిన ఎనోవిడ్‌ను నెలసరి మొదలైన అయిదో రోజు నుంచి వరుసగా 20 రోజులు వేసుకుని ఆపాలి. మళ్లీ నెలసరి వచ్చాక అయిదో రోజు లెక్క కొత్తగా మొదలు. తలనొప్పి మాత్ర వేసుకోకపోతే నొప్పే గుర్తుచేస్తుంది. ఈ మాత్ర మరిచిపోతే ఒంట్లో ఏమీ తెలియదు. సీసా బోర్లించి మిగిలినవి లెక్కపెట్టి, తేదీతో సరిచూసుకోవలసిందే.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని జెనీవా ఊళ్లో, నలుగురు పిల్లల తల్లి డోరిస్ వాగ్నర్‌కూ ఇదే తంటా. మాత్ర వేసుకున్నావా అని భర్త డేవిడ్ పదేపదే అడగటం, ఆ మాట మీద చిరాకులు. డేవిడ్ వృత్తిరీత్యా ఇంజనీరు. కాగితం మీద వారాల పేర్లు రాసి, ఒక్కో పేరు మీద ఒక్కో మాత్ర పెట్టి, అద్దం బల్ల మీద ఉంచాడు. మాత్ర లేకపోతే వేసుకున్నట్టే. ఏదో వస్తువు మీద పడి మాత్రలన్నీ చెల్లాచెదురయ్యేదాకా ఆ ఏర్పాటు బాగానే నడిచింది.

దాంతో పారదర్శకమైన ప్లాస్టిక్ రేకులు, డ్రిల్లు, పిల్లల బొమ్మ నుంచి ఊడదీసిన ప్రెస్ బటన్ తీసుకుని కూర్చున్నాడు. ఒకదాని మీద ఒకటి తిరిగే మూడు బిళ్లలు తయారయ్యాయి. అడుగు బిళ్ల మీద వారాల పేర్లు, మధ్య బిళ్లలో 20 గుంటలు, పై బిళ్లకు ఒకే ఒక్క రంధ్రం. పై బిళ్ల తిప్పితే ఆ రోజు మాత్ర బయటికొస్తుంది, ఖాళీ అయిన గుంటలోంచి వారం పేరు కనిపిస్తుంది. హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బీలా ఇమిడిపోవాలన్నది కూడా అతని ఆలోచనే.

1962లో పేటెంటుకు దరఖాస్తు చేసి, నమూనాను సర్ల్, ఆర్థో కంపెనీలకు చూపించాడు. రెండూ ఆసక్తి చూపలేదు. 1963లో మాత్రం ఆర్థో తన మాత్రలను డయల్‌పాక్ అనే గుండ్రటి డబ్బీలో అమ్మకానికి పెట్టింది. 1964లో పేటెంటు వాగ్నర్‌కు దక్కింది. పేటెంటు వివాదం ముగించుకోవటానికి ఆర్థో 10,000 డాలర్లు చెల్లించింది. తర్వాత మరికొన్ని కంపెనీలు రాయల్టీ కట్టాయి. ఆ చేతితయారీ డబ్బీ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

భారతదేశంలో మాలా-డి, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ షీట్లలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. ఐరన్ మాత్రలు రక్తహీనతకు మేలు చేస్తాయి, విరామం లేకుండా రోజుకొకటి వేసుకునే అలవాటునూ నిలబెడతాయి. వీటిలో ఒకటి తప్పినా గర్భం వచ్చే ప్రమాదం పెరగదు, దాన్ని పారేసి ముందుకు సాగవచ్చు.

హార్మోను మాత్ర సంగతి వేరు. అండాశయాన్ని నిద్రపుచ్చటానికి దాదాపు ఏడు వరుస మాత్రలు కావాలి. హార్మోను లేని ఏడు రోజులు ముగిసేసరికి అండాలను పెంచే పుటికలు మళ్లీ పెరగటం మొదలుపెడతాయి. ఆ విరామం ఇంకా సాగితే అండం విడుదల కావచ్చు. నెల నడుమే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. మాత్రలు వాడేవారికి అది తలకిందులు. షీటు మొదటి వారం, హార్మోను మాత్రల చివరి వారం, ఈ రెండు అంచులే అసలు భయం.

ఒక్క మాత్ర మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది వేళకే వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా ఫరవాలేదు. వరుసగా రెండు, అంతకు మించి తప్పితే చివరగా తప్పినది వెంటనే వేసుకుని, మిగతా తప్పినవి వదిలేయాలి. మళ్లీ ఏడు రోజులు వరుసగా పడేదాకా కండోమ్ వాడాలి. కొన్ని మార్గదర్శకాలు ఈ హద్దును మూడు మాత్రల దగ్గర గీస్తాయి, రెండు దగ్గర గీసుకోవటమే క్షేమం. తప్పింది చివరి హార్మోను వారంలోనైతే ఐరన్ మాత్రల జోలికి పోకుండా, హార్మోను మాత్రలు పూర్తికాగానే కొత్త షీటు మొదలుపెట్టాలి. మొదటి వారంలో తప్పి, అంతకుముందు అయిదు రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి డాక్టరునో ఏఎన్ఎంనో అడగటం మంచిది. అది ఎంత త్వరగా పడితే అంత ఫలితం. నెలసరి రాకపోతే గర్భ పరీక్ష తప్పనిసరి.

ప్రొజెస్టిన్ అనే హార్మోను ఒక్కటే ఉండే మాత్రలకు ఇంత వెసులుబాటు లేదు. పాత రకాల్లో మూడు గంటల ఆలస్యమే తప్పినట్టు లెక్క, డెసోజెస్ట్రెల్ రకానికి పన్నెండు గంటలు.

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్ అసలు హార్మోనే కాదు. సహేలీ, ఛాయా పేర్లతో దొరికే ఈ మాత్రను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికొకసారి వేసుకుంటారు. ఒకటి తప్పితే గుర్తు రాగానే వేసుకుని, మామూలు వారాల ప్రకారమే కొనసాగించాలి, తర్వాతి నెలసరి దాకా కండోమ్ వాడాలి. ఏడు రోజులు దాటిపోతే కొత్తగా మొదలుపెట్టినట్టే, మళ్లీ వారానికి రెండేసి.