మీకు తెలుసా? మన పింఛను మనమే కట్టుకునే దారులు

నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే ఉద్యోగాలు కృష్ణా డెల్టా దిగువన తక్కువ. కూచిపూడిలో నాట్యం నేర్పే గురువుకు, పెడనలో కలంకారీ అచ్చు వేసే పనివాడికి, దివిసీమలో రొయ్యల చెరువు చూసుకునే రైతుకు, గుడివాడలో టిఫిన్ బండి నడిపే ఆమెకు ప్రావిడెంట్ ఫండ్ కట్టే యజమాని ఎవరూ ఉండరు. తమ పింఛను తామే కట్టుకోవాలి. అందుకు దారులు చాలానే ఉన్నా అన్నీ ఒకటి కావు. ఏ పథకం చూసినా మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: డబ్బు ఎవరు కడతారు? దాన్ని ఎక్కడ మదుపు చేయాలో ఎవరు నిర్ణయిస్తారు? చివరికి ఎంత వస్తుందో ఎవరు పూచీ పడతారు?

అగ్రహారమే ఆధారం
గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి ఆ గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని ఐతిహ్యం. కళాకారుల కుటుంబాలకు తరతరాలకూ అదే జీవనాధారం. అయితే భూమి తరం మారినప్పుడల్లా ముక్కలవుతుంది. ఆ అగ్రహారాన్ని కుటుంబాలు పంచుకున్న 1763 నాటి పత్రం కూచిపూడి చరిత్రకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. పొలాన్నే పింఛనుగా నమ్ముకున్న ప్రతి ఇంట్లోనూ ఈ చిక్కు ఉంది. సొంత పేరున ఉన్న పింఛను ఖాతాకు బతికున్నన్నాళ్లూ పంపకాల బెడద లేదు.

బందరులో పుట్టిన బ్యాంకు
భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది మచిలీపట్నంలోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇవాళ ఏ బ్యాంకులోనో పోస్టాఫీసులోనో పొదుపు ఖాతా ఉన్నవాళ్లు, వయసు సరిపోతే, కింద చెప్పిన అటల్ పెన్షన్ యోజనలో చేరవచ్చు. చందా ఆ ఖాతా నుంచే దానంతటదే జమవుతుంది.

రోజుకో రూపాయి
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో వచ్చిన అభయహస్తం పథకం డ్వాక్రా మహిళల కోసం. సభ్యురాలు రోజుకు రూపాయి చొప్పున దాస్తే ప్రభుత్వం మరో రూపాయి కలిపేది. 60 ఏళ్లు నిండాక నెలకు కనీసం 500 రూపాయల పింఛను వచ్చేది. కూలి చేసుకునే ఆడవాళ్లు కూడా తమ పింఛనుకు తామే చందాదారులు కాగలరని మన పల్లెల్లో లక్షల మందికి తెలిసింది ఆ పథకంతోనే.

18 ఏళ్లకు 210, 40 ఏళ్లకు 1,454
2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లు చేరవచ్చు. 60 నుంచి నెలకు 1,000 మొదలు 5,000 రూపాయల దాకా, ఎంచుకున్న మేరకు పింఛను వస్తుంది. దీనికి కేంద్ర ప్రభుత్వం పూచీ. 5,000 పింఛనుకు 18వ ఏట చేరినవాళ్లు నెలకు 210 రూపాయలు కడితే సరిపోతుంది. 30 ఏళ్లకు చేరితే 577. 40కి చేరితే 1,454. మొత్తం లెక్కేస్తే మొదటివాళ్లు 42 ఏళ్లలో కట్టేది సుమారు 1.06 లక్షలు, చివరివాళ్లు 20 ఏళ్లలో కట్టేది సుమారు 3.49 లక్షలు. ఇద్దరికీ వచ్చే పింఛను మాత్రం ఒకటే. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు 2022 అక్టోబరు 1 నుంచి ఇందులో చేరే వీలు లేదు.

అదే 3,000, రెండు దారులు
నెలకు 15,000 రూపాయల లోపు సంపాదించే అసంఘటిత కార్మికుల కోసం 2019లో ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ వచ్చింది. 30 ఏళ్ల మనిషి నెలకు 105 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. 60 తర్వాత నెలకు 3,000. అదే వయసులో అటల్ పథకంలో 3,000 కావాలంటే చందా 347. మొదటిదే చవక కదా అనిపిస్తుంది. కానీ తేడా తర్వాత తెలుస్తుంది. మాన్‌ధన్‌లో పింఛనుదారు పోతే భార్యకో భర్తకో సగమే వస్తుంది, ఆ తర్వాత వారసులకు ఏమీ రాదు. అటల్‌లో భార్యకో భర్తకో పూర్తి పింఛను వస్తుంది. ఇద్దరి తర్వాత పోగైన నిధి నామినీకి చేరుతుంది. 5,000 పింఛనుకు ఆ నిధి 8.5 లక్షలు.

కౌలు రైతు ఎక్కడ?
రెండు హెక్టార్ల లోపు, అంటే దాదాపు 5 ఎకరాల లోపు రైతులకు కిసాన్ మాన్‌ధన్ ఉంది. ఇక్కడా కేంద్రం సమానంగా చందా కలుపుతుంది, పింఛను 3,000. అయితే భూమి రికార్డుల్లో పేరున్న రైతుకే ఇది వర్తిస్తుంది. దివిసీమలో పొలం దున్నేవాళ్లలో కౌలుదారులు ఎందరో. వాళ్లు ఈ పథకం దగ్గర ఆగిపోకుండా శ్రమయోగి మాన్‌ధన్‌కో అటల్‌కో అర్హత చూసుకోవాలి.

మదుపు పగ్గాలు మీ చేతికి
పైవాటిలో చందాదారు కట్టడం వరకే, మదుపు నిర్ణయం మనది కాదు. 2009 మే 1 నుంచి పౌరులందరికీ తెరిచిన జాతీయ పింఛను విధానం, అంటే ఎన్‌పీఎస్, అలా కాదు. ఫండ్ మేనేజరును మీరే ఎంచుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. షేర్లలో ఎంత, కంపెనీ బాండ్లలో ఎంత, ప్రభుత్వ బాండ్లలో ఎంత అన్నది ‘యాక్టివ్ ఛాయిస్’లో మీరే చెబుతారు. ఇందులో షేర్ల వాటా 75 శాతం దాకా పెట్టవచ్చు. 2025 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వేతర చందాదారులకు 100 శాతం షేర్లలో ఉండే స్కీములూ వచ్చాయి. స్వేచ్ఛ పెరిగిన కొద్దీ పూచీ తగ్గుతుంది. మార్కెట్ పడితే ఆ నష్టం మనదే.

లెక్కలు తెలియకపోయినా
షేర్లు, బాండ్ల సంగతి తెలియనివాళ్లకు ‘ఆటో ఛాయిస్’ ఉంది. మధ్యరకం రిస్కు ఉన్న పద్ధతిలో 35 ఏళ్ల వరకు సగం షేర్లలో ఉంటుంది. తర్వాత ఏటా ఆ వాటా తగ్గుతూ 55 నాటికి 10 శాతానికి దిగుతుంది. కోత దగ్గరపడుతుంటే రైతు చేలో నీళ్లు తీసేసినట్టు, డబ్బు అవసరమయ్యే వయసు దగ్గరపడే కొద్దీ రిస్కు తీసేయడమే దీని కిటుకు.

60 తర్వాత ఎంత చేతికి?
ఎన్‌పీఎస్‌లో చాలాకాలం పాటు నిధిలో 40 శాతంతో యాన్యుటీ కొనడం తప్పనిసరిగా ఉండేది. యాన్యుటీ అంటే బీమా కంపెనీకి ఒకేసారి సొమ్ము కట్టి బతికినన్నాళ్లూ నెలనెలా పింఛను పొందడం. 2025 డిసెంబరులో ప్రభుత్వేతర చందాదారులకు ఆ వాటాను 20 శాతానికి తగ్గించారు. నిధి 8 లక్షలు దాటకపోతే మొత్తం తీసేసుకోవచ్చు. చేతికి ఎక్కువ వస్తుందని సంబరపడే ముందు ఆలోచించండి. ఒక్కసారిగా వచ్చిన సొమ్ము ఇంటి మరమ్మతుకో పెళ్లి ఖర్చుకో కరిగిపోతే, 75వ ఏట నెలనెలా మందులు కొనేది దేనితో?

రిస్కు వద్దనుకునేవాళ్లకు పీపీఎఫ్
1968 నుంచి ఉన్న పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా పోస్టాఫీసులోనూ తెరవవచ్చు. ఏడాదికి 500 రూపాయల నుంచి 1.5 లక్షల దాకా కట్టవచ్చు. గడువు 15 ఏళ్లు, ఆపై ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2020 ఏప్రిల్‌లో 7.1 శాతంగా నిర్ణయించారు. వడ్డీ మీద పన్ను లేదు. అయితే ఇది నెలనెలా పింఛను ఇవ్వదు. పోగైన సొమ్మును పింఛనుగా మార్చుకునే పని మనదే.

లండన్‌లో ఉన్న పిల్లలకు
బ్రిటన్‌లో సొంతంగా మదుపు చేసుకునే వ్యక్తిగత పింఛనుకు 1989 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ దారి తీశారు. దాన్ని సిప్ అంటారు. ఇందులో విడివిడిగా కంపెనీల షేర్లు కూడా కొనుక్కోవచ్చు. ఖర్చు తక్కువైన రకంలో షేర్లు, ఫండ్ల వరకే వీలుంటుంది. పూర్తిస్థాయి రకంలో అయితే వ్యాపార భవనాన్నీ పింఛను ఖాతాలో పెట్టవచ్చు. మన ఎన్‌పీఎస్‌లో అంత స్వేచ్ఛ లేదు, ఫండ్ల ద్వారానే మదుపు. సిప్‌లో సభ్యుడు 80 పౌండ్లు కడితే పన్ను మినహాయింపు కలిసి 100 అవుతుంది. డబ్బు తీసుకునే కనీస వయసు 2028 ఏప్రిల్ 6న 55 నుంచి 57కు పెరుగుతుంది. విదేశాల్లో ఉన్న భారతీయ పౌరులు ఎన్‌పీఎస్ ఖాతా కూడా తెరవవచ్చు.

ధరలు పెరిగితే?
అటల్ పథకంలో ఎంచుకున్న 5,000 చివరిదాకా 5,000గానే ఉంటుంది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, 30 ఏళ్ల తర్వాత ఆ సొమ్ముకు వచ్చేది ఇవాళ సుమారు 1,150 రూపాయలకు దొరికే సరుకే. పూచీ ఉన్న పథకం ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఎవరికి ఏది?
నెలాఖరుకు వంద రూపాయలు మిగలడమే కష్టమైన కూలీకి, చేతివృత్తి మనిషికి మొదట మాన్‌ధన్ గానీ అటల్ గానీ. ప్రదర్శనలు, పాఠాల మీద వచ్చే ఆదాయం ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువగా ఉండే కళాకారులకు ఎన్‌పీఎస్ అనువైనది. ఏడాదికి కనీసం 1,000 రూపాయలు కడితే చాలు, చేతిలో ఆడినప్పుడు ఎక్కువ కట్టుకోవచ్చు. మార్కెట్ అంటే భయమున్నవాళ్లు పీపీఎఫ్‌ను దాని పక్కన నిలబెట్టుకోవచ్చు. ఏది ఎంచుకున్నా నామినీ పేరు తప్పకుండా రాయించండి, ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పండి. మీ ఇంట్లో 18 నిండిన పిల్లలుంటే ముందు వాళ్లను చేర్పించండి. ఈ లెక్కలన్నిటిలోనూ అందరికంటే లాభపడేది వాళ్లే.