నవజాత శిశువులో మందులకు లొంగని చీముగడ్డ: కారణాలు, చికిత్స

1. ఉపోద్ఘాతం:
భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ 1945లో ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ వర్గంలో అది మొదటిది. ఎందరికో ప్రాణదానం చేసిన ఈ వర్గపు మందులను పసిబిడ్డలకు సాధారణంగా వాడరు. అవి ఎదిగే దంతాలలో చేరి శాశ్వతంగా మరక కలిగిస్తాయి. క్రిమిని చంపగల ప్రతి మందూ శిశువుకు ఇవ్వదగినది కాదు. క్రిమి నిరోధకతను సంతరించుకుంటే, మిగిలిన ఆ కొద్ది మందులూ మరింత తగ్గిపోతాయి. ఈ స్థితిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. చీముగడ్డ ఏర్పడే తీరు:
పుట్టిన 28 రోజులలోపు శిశువును నవజాత శిశువు అంటారు. ఈ దశలో చర్మం పలుచన, రోగనిరోధక శక్తి అపరిపక్వం. చర్మం, రొమ్ము భాగాలలో చీముగడ్డకు ప్రధాన కారకం స్టెఫైలోకాకస్ ఆరియస్. తల్లి హార్మోన్ల ప్రభావం వల్ల ఆడ, మగ శిశువులిద్దరిలోనూ రొమ్ములు ఉబ్బవచ్చు; కొన్ని వారాలలో ఆ ఉబ్బు దానంతటదే తగ్గుతుంది. నీళ్లు పోసేటప్పుడు వాటిని పిండే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అప్పుడు కణజాలం గాయపడి క్రిమి లోపలికి చేరవచ్చు.

3. నిరోధకత స్వరూపం:
మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌ను ఇంగ్లండులో 1961లో ప్రకటించారు. అదే ఎం.ఆర్.ఎస్.ఏ. కణకుడ్యాన్ని నిర్మించే మరొక ప్రోటీను ఈ క్రిమికి ఉంటుంది. పెన్సిలిన్ వర్గపు మందులు దానికి సరిగా అంటుకోలేవు. ఒక్క మందూ ఎరుగని శిశువుకూ ఇది సోకుతుంది. ఎందుకంటే నిరోధకత శిశువుది కాదు, క్రిమిది. ముక్కులోనో చర్మం మీదో క్రిమిని మోసే పెద్దల నుండి, వారి చేతుల ద్వారా అది శిశువును చేరుతుంది.

4. చికిత్స:
చీము నిండిన గడ్డలోకి మందు తగినంతగా చొరబడదు. కనుక చీమును వెలికితీయడం ప్రధానం. దానిని కల్చర్ పరీక్షకు పంపి, క్రిమి ఏ మందుకు లొంగుతుందో నిర్ణయించాలి. ఎం.ఆర్.ఎస్.ఏ. తీవ్రంగా సోకితే వాంకోమైసిన్‌ను మూత్రపిండాల పనితీరు గమనిస్తూ ఇస్తారు. పెద్దలకు ఉపకరించే కో-ట్రైమాక్సజోల్ నవజాత శిశువుకు తగదు. దాని వల్ల బిలిరుబిన్ మెదడుకు చేరే ప్రమాదముంది. పాలు తాగకపోవడం, మందకొడితనం, జ్వరం లేదా ఒళ్లు చల్లబడడం క్రిమి రక్తంలోకి పాకిందనడానికి సూచనలు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

5. ముగింపు:
శిశువును ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, రొమ్ములు పిండకపోవడం, గడ్డను ఇంట్లో చిదమకపోవడం, వైద్యుని సలహా లేకుండా యాంటీబయాటిక్ వాడకపోవడం నివారణ మార్గాలు. చికిత్సకు మందులు కొద్దిగానే ఉన్న వయసు కాబట్టి, నివారణకు ఇక్కడ విలువ ఎక్కువ.