మీకు తెలుసా? పేరు లేని మాంత్రిక సీరియళ్ల రచయిత

ఖడ్గవర్మ, జీవదత్తు, శిఖిముఖి, విక్రమకేసరి, జయశీలుడు, సిద్ధసాధకుడు... ఈ పేర్లు వినగానే పిల్లల మాసపత్రిక చందమామ గుర్తొస్తుంది. కానీ వీళ్లను పుట్టించిన రచయిత ఎవరంటే ఒకప్పుడు చెప్పగలిగినవాళ్లు తక్కువ. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు.

ఆయనే దాసరి సుబ్రహ్మణ్యం. ఊరు తెనాలి దగ్గరి చినగాదెలవర్రు. 1952లో మద్రాసులో చందమామ సంపాదక వర్గంలో చేరి, అర్ధశతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలై 'మకరదేవత', 'పాతాళదుర్గం', 'రాతిరథం', 'యక్షపర్వతం' మీదుగా 'భల్లూక మాంత్రికుడు' దాకా 12 సీరియళ్లు. బొమ్మలు ఎక్కువగా చిత్రకారుడు 'చిత్ర'వి. కథలో సగం భయం ఆ బొమ్మల్లోనే ఉండేది. నెల తిరిగి కొత్త సంచిక తెరిస్తే ముందు 'జరిగిన కథ', ఆపైన పోయిన నెల ఆపిన ఆపద. తెలుగులో ఊహాకథకు ఇంతకన్నా గట్టి పునాది లేదని నా నమ్మకం.

ఈ ఊహాకథలకు భిన్నంగా, పెద్దపల్లి జిల్లా సాహిత్యానికి వేరే దారి ఉంది. మంథని దగ్గర గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య సింగరేణి బొగ్గుగని కార్మికుల బతుకులను, రైతుల పోరాటాలను ఉన్నదున్నట్టు రాశారు. ఇక్కడి భూగర్భంలో మాంత్రికులు లేరు, షిఫ్టుకు దిగే కార్మికులున్నారు. ఈ జిల్లాలోని గోదావరిఖని పిల్లలకు ఈ ఇద్దరి పుస్తకాలూ అందాలి.

సుబ్రహ్మణ్యం సీరియళ్లు హిందీ, తమిళం వంటి ఇతర భాషల చందమామల్లోనూ వచ్చాయి. ఆయన 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు.