పురుష మల్లులను చిత్తుచేసిన హమీదా బాను

కుస్తీ గోదాలో స్త్రీ అడుగుపెట్టడమే తగదని భావించిన రోజులలో పురుష మల్లులకు బాహాటంగా సవాలు విసిరిన మహిళ హమీదా బాను. తనను ఓడించిన వానిని వివాహమాడగలనని 1954 ఫిబ్రవరిలో ఆమె చేసిన ప్రకటన దేశమంతటా సంచలనం కలిగించింది. పాటియాలా, కలకత్తాలకు చెందిన ఇద్దరు మల్లులు ఆమె చేతిలో పరాజితులయ్యారు. అదే ఏడాది మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ను ఆమె 1 నిమిషం 34 సెకన్లలో చిత్తుచేశారు. అంతకుముందు ఆమెతో తలపడవలసిన చోటా గామా, స్త్రీతో కుస్తీ పట్టజాలనంటూ పోటీ నుంచి తప్పుకున్నారు.

ఉత్తరప్రదేశ్‌లోని మిర్జాపూర్‌కు చెందిన హమీదా, అలీగఢ్‌లో సలాం పహిల్వాన్ అనే వస్తాదు వద్ద శిక్షణ పొందారు. 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు, 108 కిలోల బరువు గల ఆమె రోజుకు 6 గంటలు సాధన చేసేవారని నాటి పత్రికలు రాశాయి. రష్యాకు చెందిన వేరా చిస్టిలిన్‌ను 1954లో బొంబాయిలో ఒక్క నిమిషంలోపే ఓడించారు.

అయితే ఆమె విజయాలను అందరూ హర్షించలేదు. కొల్హాపూర్‌లో ఒక పురుష మల్లుని ఓడించినపుడు ప్రేక్షకులు ఆమెపై రాళ్లు రువ్వారు. పుణేలో రామచంద్ర సాలుంకేతో జరగవలసిన పోటీ స్థానిక కుస్తీ సంఘం అభ్యంతరంతో రద్దయింది. దీనిపై ఆమె నాటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఫిర్యాదు చేశారు. నిషేధానికి కారణం ఆమె స్త్రీ కావడం కాదని, నిర్వాహకులు డమ్మీ ప్రత్యర్థులను దింపుతున్నారన్న ఆరోపణలేనని ఆయన బదులిచ్చారు.

ఐరోపాలో పోటీలకు వెళ్లాలన్నది ఆమె సంకల్పం. ఇది నచ్చని సలాం ఆమెను కొట్టి చేతులు విరగగొట్టారని ఆమె మనుమడు బిబిసికి తెలిపారు. అటుపిమ్మట ఆమె గోదాలో కనిపించలేదు. బొంబాయి సమీపంలోని కల్యాణ్‌లో పాల వ్యాపారం చేస్తూ, చేతిలో డబ్బు లేనప్పుడు రోడ్డు పక్కన తినుబండారాలు అమ్ముకుంటూ జీవించిన హమీదా 1986లో కన్నుమూశారు.

ఒలింపిక్స్‌లో మహిళల కుస్తీకి తొలిసారి స్థానం లభించింది 2004లో. హర్యానాకు చెందిన కవితా దేవి అమెరికా వృత్తి కుస్తీ సంస్థ డబ్ల్యుడబ్ల్యుఇలో చేరిన తొలి భారతీయ మహిళగా గుర్తింపు పొందినది 2017లో. హమీదాను స్మరిస్తూ గూగుల్ సంస్థ తన ముఖపత్రంపై ఆమె చిత్రాన్ని ప్రదర్శించినది 2024 మే 4న. అప్పటికి బరోడా పోటీ జరిగి 70 ఏళ్లు.