రిజెక్ట్ మెయిల్ వచ్చిందా? నోట్‌బుక్ తీయండి

‘మీ ఫైనలియర్ ప్రాజెక్టులో పైథానే ఎందుకు వాడారు?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టు మేమే చేశాం. జావాతో మొదలుపెట్టి, మధ్యలో మార్చాం కూడా. ఎందుకు మార్చామో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ‘కొనుక్కొచ్చిన ప్రాజెక్టే కదా’ అన్నట్టు నవ్వారు ఎదుటాయన. ఆ సాయంత్రం అమీర్‌పేటలోని హాస్టల్ గదికొచ్చి, కోచింగ్ కోసం కొన్న లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో జరిగిందంతా కోపంగా రాసిపడేశా. నా డైరీ అలవాటు అలా మొదలైంది. అంతకుముందు డైరీ అంటే జనవరి 1న మొదలుపెట్టి సంక్రాంతికి ఆపేసేదనే అనుకునేవాణ్ణి.

నాలుగో ఇంటర్వ్యూ తర్వాత ఆ పేజీలు తిరగేస్తే ఓ సంగతి బయటపడింది. ప్రైమరీ కీకి, యూనిక్ కీకి తేడా ఏంటన్న ప్రశ్న దగ్గర మూడుసార్లు తడబడ్డాను! ప్రైమరీ కీ టేబుల్‌కి ఒక్కటే, అందులో నల్ ఉండకూడదు. యూనిక్ కీలు ఎన్నైనా పెట్టుకోవచ్చు, నల్ కూడా ఉండొచ్చు. రెండు ముక్కల్లో అయిపోయే జవాబు. ‘ఇది మనకి వచ్చులే’ అనుకుని ప్రతిసారీ వదిలేశా. ‘ఇంటర్వ్యూ పోయింది’ అన్న బాధ ఒక్కటే మనకి గుర్తుంటుంది. ఎక్కడ పోయిందో రాసుకుంటేనే తెలుస్తుంది. ఎర్రర్ లాగ్ చూడకుండా బగ్ వెతుకుతామా?

ఇక ఆ కోపం రాతల సంగతి. అమెరికాకు చెందిన సైకాలజిస్టు జేమ్స్ పెన్నిబేకర్ 1980ల నుంచి దీనిమీద ప్రయోగాలు చేశారు. వాటిలో మనకి దగ్గరగా ఉండేది 1994లో వచ్చిన అధ్యయనం. ఉద్యోగం పోయిన కొంతమంది ప్రొఫెషనల్స్‌ని తీసుకుని, ఒక బృందాన్ని ఆ బాధ గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. రోజుకి 20 నిమిషాల చొప్పున ఐదు రోజులు. మరో బృందానికి మామూలు విషయాలు ఇచ్చారు. తర్వాతి నెలల్లో బాధను రాసుకున్నవాళ్లకే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. విచిత్రమేంటంటే, వాళ్లేమీ ఉద్యోగం కోసం మిగతావాళ్లకంటే ఎక్కువ తిరగలేదు. మారింది పాత ఉద్యోగం మీద, కొత్తది వెతుక్కోవడం మీద వాళ్ల ఆలోచన. నాకైతే ఇది నమ్మబుద్ధేసింది. పాత ఇంటర్వ్యూ మీద కోపంతో కొత్త ఇంటర్వ్యూలో కూర్చుంటే ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది మరి.

అలాగని రాయగానే మనసు తేలికైపోదు. రాసిన వెంటనే ఇంకాస్త దిగులుగా ఉండటం మామూలేనని ఆ ప్రయోగాల్లోనే తేలింది. అదే బాధని వారాల తరబడి తిప్పితిప్పి రాస్తున్నా, నిద్రా తిండీ తప్పుతున్నా నోట్‌బుక్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్లతోనో ఫ్రెండ్‌తోనో మాట్లాడండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబర్‌కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఏం రాయాలి? ఇంటర్వ్యూ అయితే బయటికొచ్చిన గంటలోపే, బస్సులో కూర్చునైనా సరే, అడిగిన ప్రశ్నలు అడిగినట్టే ఫోన్లో రాసుకోండి. రాత్రికి సగం మర్చిపోతాం. ప్రాజెక్టు నడుస్తుంటే వారానికి నాలుగు లైన్లు చాలు: ఏం మార్చాం, ఎందుకు మార్చాం, అందులో నేను చేసిందేంటి. హెచ్‌ఆర్ రౌండ్‌లో ‘మీరు ఎదుర్కొన్న సవాలు ఒకటి చెప్పండి’ అన్నప్పుడు కావాల్సింది ఈ సరుకే. లాబ్ రికార్డులా సీనియర్ పుస్తకం చూసి దించేసే పని కాదు కాబట్టి అక్షరదోషాలున్నా, మూడు రోజులు ఎగ్గొట్టినా ఫర్వాలేదు. మనసులో మాటలు మాత్రం కాగితం మీద రాసుకోవడమే నాకు నచ్చుతుంది. హాస్టల్లో ఎవరైనా చదివేస్తారని భయముంటే రాసి చింపేయండి. ఇంటర్వ్యూ ప్రశ్నల పేజీలు మాత్రం చింపకండి.

ఆ పైథాన్ సంగతికొస్తే, ప్రాజెక్టు టీమ్‌మేట్‌కి ఫోన్ చేసి కనుక్కున్నా. ఇమేజ్ ప్రాసెసింగ్‌కి అందులో రెడీమేడ్ లైబ్రరీలు దొరకడంతో మార్చామట. రాసిపెట్టుకున్నా. తర్వాతి నెలలో ఇంకో కంపెనీవాళ్లు ఇదే అడిగితే పది నిమిషాలు మాట్లాడా. ఆ ఉద్యోగమూ రాలేదు. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: ‘ప్రాజెక్టు ప్రశ్న ఓకే. టీసీపీ, యూడీపీ తేడా మళ్లీ చదవాలి.’